ఇంటినుండి ఉద్యోగము: లాభనష్టములు

కార్యాలయమన్నదే లేక, ఉద్యోగులందరును తమ తమ ఇండ్లనుండియే పనిచేయు సంస్థలు నేడు లోకమున కొన్ని కలవు. గిట్‌ల్యాబ్ అను కంప్యూటరు సంస్థ అట్టివానిలో ఒకటి. 2020లో కరోనా వ్యాధి వలన రాకపోకలు స్తంభించిన పిమ్మట ఇంటినుండి ఉద్యోగము చేయుట మన కృష్ణాతీరపు కుటుంబములకును పరిచయమైనది. అయితే ఇల్లే పనిచోటగుట మనకు కొత్త కాదు. మంగళగిరి నేతవారి ఇండ్లను చూచినచో దీని గుణదోషములు రెండును బోధపడును.

అచ్చట పెక్కు ఇండ్లలో గుంటమగ్గము ఇంటిలోనే ఉండును. మాస్టరు వీవరు నూలు ఇచ్చును. నేతగాడు నిజాము అంచు చీర నేసి అప్పగించి, నేసినదానికి కూలి పుచ్చుకొనును. పనికై ఊరు విడువ నక్కరలేదు. కంప్యూటరు ఉద్యోగికిని ఇట్టి లాభమే కలుగును. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో అద్దెకు పోవు సొమ్ము మిగులును. ప్రయాణమునకు పట్టు కాలము కలిసివచ్చును. తల్లిదండ్రుల చెంత ఉండవచ్చును. పసిబిడ్డ తల్లి ఉద్యోగము మానుకొనవలసిన పని ఉండదు.

ఇక నష్టములు. మగ్గమునకు చోటు నేతగానిదే. వానకాలమున గుంటలో నీరూరినచో పని ఆగును, కూలియు ఆగును. కండెలు చుట్టిన ఇల్లాలి శ్రమకు వేరుగా కూలి ముట్టదు. అట్లే ఇంటినుండి పనిచేయు ఉద్యోగికి గది, విద్యుత్తు, బల్ల, కుర్చీ ఎవరి ఖర్చు? అమెరికా గడియారమును బట్టి పనిచేయువారికి నిద్రవేళ ఏది? పనికి హద్దు లేనిచో ఇల్లు విశ్రాంతి స్థానము కాజాలదు.

ఒక విషయమున నేతవారే అదృష్టవంతులు. వారి బిడ్డలు తండ్రి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుచు వచ్చినారు. ఇరుగుపొరుగున మగ్గములున్నవి; కష్టసుఖములు చెప్పుకొనుటకు సహకార సంఘములున్నవి. కొత్తగా చేరిన ఉద్యోగికి ఇంటిలో అట్టి గురువు గాని, తోటివాడు గాని ఉండడు.

ఇంటివద్ద పనిచేయు కార్మికులకు ఇతరులతో సమానమైన ఆదరణ ఉండవలెనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికను ఆమోదించినది. కనుక ఇట్టి ఉద్యోగమున చేరబోవు యువతీయువకులును, వారి తల్లిదండ్రులును జీతముతోపాటు నాలుగు సంగతులు వ్రాతపూర్వకముగా తెలిసికొనుట మేలు. పనివేళలేవి? ఇంటి ఖర్చులో సంస్థ భరించు భాగమెంత? పని నేర్పువారెవరు? తోటివారిని కలుసుకొను ఏర్పాటేమి? వీనికి సరియైన సమాధానము లభించినచో, ఊరు విడువక చేయు ఉద్యోగము కుటుంబమునకు మేలే. లేనిచో, సంస్థ తప్పించుకొన్న అద్దెను మన ఇల్లు చెల్లించుచున్నట్లే.