ఆపరేషన్ ఫారంపై సంతకం ఎవరు పెట్టాలి?

ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో ఫారం అబ్బా చేతికో, భాయ్‌జాన్ చేతికో వెళ్తుంది. పేషెంట్ పూర్తి స్పృహలో ఉన్నా ఆమెను అడిగేవాళ్లు తక్కువ. ప్రేమతో చేసే పనే అయినా వైద్య నీతి దీన్ని ఒప్పుకోదు.

వైద్య నీతికి నాలుగు మూల సూత్రాలు చెబుతారు. టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ 1979లో తమ పుస్తకంలో వీటిని వివరించారు. ఒకటి, పేషెంట్ నిర్ణయాన్ని గౌరవించడం. రెండు, మేలు చేయడం. మూడు, హాని చేయకపోవడం. నాలుగు, పేద, ధనిక తేడా లేకుండా న్యాయంగా చూడటం.

ఇవి ఒకదానితో ఒకటి ఢీకొంటే? ఢిల్లీ కేసు ఒకటి చూద్దాం. ఒక మహిళ పరీక్ష కోసం లాప్రోస్కోపీకి ఒప్పుకుంది. మత్తులో ఉండగా సమస్య బయటపడింది. డాక్టర్లు బయట ఉన్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు ఇది తప్పని తేల్చింది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు. ఆమె మేజర్, మెలకువ వచ్చాక అడగొచ్చు. కాబట్టి తల్లి సమ్మతి చెల్లదంది. ఆపరేషన్ ఫీజు ఇవ్వక్కర్లేదని, 25 వేల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

ఇక్కడ రెండు సిద్ధాంతాలు కనిపిస్తాయి. ఫలితం మంచిదైతే పని మంచిదే అనేది ఒకటి. ఫలితం ఎలా ఉన్నా మనిషి హక్కును దాటకూడదనేది రెండోది. మేలు కోసమే చేశామన్న వాదన కోర్టులో నిలవలేదు.

డాక్టర్ నడవడిక గురించిన ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 9వ శతాబ్దంలోనే ఇస్‌హాక్ ఇబ్న్ అలీ అల్ రుహావీ అరబీలో ‘అదబ్ అల్ తబీబ్’ రాశారు. ఫిఖ్‌హ్‌లోనూ హానిని తొలగించడం పెద్ద సూత్రమే.

మరి మనం చేయాల్సిందేమిటి? సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఏం చేస్తారు, ఎందుకు, రిస్క్ ఏంటి, వేరే దారి ఉందా? ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. చిన్నపిల్లలకు, స్పృహలో లేనివాళ్లకు ఇంటివాళ్లు మాట్లాడాలి. అమ్మీ స్పృహలో ఉంటే మాత్రం పెన్ను ఆమె చేతికే ఇవ్వండి. పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం మన పని. శరీరం ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే.