సెకండ్ హ్యాండ్ కారా.. ఆర్‌సీ చూశారా?

కొత్త ఉద్యోగం, ఆఫీసేమో దూరం. రెండు లక్షల్లో కారు దొరికింది. ‘వేరే పార్టీ వస్తోంది, అడ్వాన్స్ ఇచ్చేయండి’ అంటారు అమ్మేవాళ్లు. కాస్త ఆగండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు తెలుస్తాయి. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే, లోన్ కట్టేశామని ఎంత చెప్పినా రికార్డుల్లో తీరనట్టే. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. వాయిదాలు ఆగితే బ్యాంకు వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది బండి ఉన్నచోటికే, అంటే మీ ఇంటికే! పెండింగ్ చలాన్లూ చూసుకోండి.

ఇంజిన్ సంగతా? పొద్దున్నే, తెలిసిన మెకానిక్‌తో వెళ్లండి. బానెట్ అప్పటికే వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. కొన్నాక ఫారం 29, 30లతో పేరు మార్పించుకోండి. ఇన్సూరెన్స్ బదిలీకి 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.