మోకునకు తోడు మరియొక త్రాడు

తెల్లవారకముందే గీత కార్మికుడు ఇల్లు వెడలును. ముత్తాదు, మోకు, గుజి, కత్తి - ఇవి అతని నిత్యపరికరములు. ముత్తాదు నడుమును పట్టుకొనును. మోకు చెట్టును చుట్టివచ్చి అతని బరువును మోయును. గుజి పాదములను మ్రానునకు అదిమి నిలుపును. తరతరముల అనుభవముతో తీర్చిన ఈ సాధనములను మనము తక్కువగా ఎంచరాదు. వెనుకకు వ్రాలి మోకుపై బరువు మోపియున్నంత వరకు మనిషి చెట్టును విడువడు.

అయితే ప్రమాదము ఎచ్చట నున్నది? మోకును పైకి జరుపుటకు ముందుకు వంగిన ప్రతి పర్యాయము దాని బిగువు సడలును. ఆ క్షణమున కాలు జారినను, ఎండకు వానకు చివికిన మోకు తెగినను, రెండవ ఆధారము లేదు. 50 అడుగుల ఎత్తునుండి పడినవాడు నేలను తాకుటకు రెండు సెకనులైనను పట్టదు. అప్పటి వేగము గంటకు 60 కిలోమీటర్లకు మించును. ప్రాణము దక్కినను, వెన్నెముక విరిగినచో ఆ కుటుంబపు జీవనాధారము పోవును.

ఈ లోటును తీర్చుటకే తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో, గీత వృత్తివారి ఇలవేల్పైన కాటమయ్య పేరిట, రక్షణ కవచములను పంచు పథకమును ప్రారంభించినది. ఇట్టి కవచములోని పట్టీలు నడుమును, తొడలను చుట్టియుండును. చెట్టునకు బిగియు త్రాడు కొక్కెముతో వానికి తగిలియుండును. కాలు జారినచో త్రాడు బిగిసి మనిషిని నిలుపును. ఆ కుదుపు ఒక్క నడుముపైననే పడక తొడలకును పంచబడును. త్రాడు ఎంత వదులుగా నున్న కుదుపు అంత తీవ్రమగును. కావున దానిని వదులు లేకుండ ఉంచుకొనవలెను.

గోడకు వ్రేలాడు కవచము ఎవరిని కాపాడును? చేతికి అలవాటు లేదనియు, పని ఆలస్యమగుననియు కొందరు దానిని ఇంటనే విడిచి వెళ్లుదురు. ఇచ్చటనే పంచాయతీ సభ్యుల బాధ్యత గలదు. మొదట ఆరడుగుల ఎత్తులోనే అభ్యాసము చేయింపవలెను. ఎక్కుటకు ముందు కుట్లు, త్రాడు, కొక్కెము ప్రతిదినము చూచుకొనుడని చెప్పవలెను. ఎండ, ఎలుకలు, నూనె తగులని చోట భద్రపరుపవలెను. ఒకసారి పడిపోవు మనిషిని ఆపిన త్రాడును మరల వాడరాదు.

ఒంటరిగా ఎక్కుటయు మంచిది కాదు. పట్టీలపై కదలక వ్రేలాడుట ప్రాణాపాయము. అట్టివానిని వెంటనే దింపు ఏర్పాటు ఉండవలెను. నేలపై పడినవానిని చంకలు పట్టి లేపరాదు. మెడ, వెన్ను కదలనీయక 108కు తెలుపవలెను.

రాబోవు గ్రామసభలో మన గ్రామమున చెట్టెక్కువారు ఎందరు, కవచము గలవారు ఎందరు, దానిని ధరించువారు ఎందరు అని లెక్క తీయుదము. మొదటి రెండు అంకెలకంటె మూడవదియే ముఖ్యము.