కుండీలో కొరివి

మా డాబా మీద పన్నెండు మిరప కుండీలున్నాయి. నవంబరు నుంచీ వాటి చుట్టూ ఇంట్లో చిన్న యుద్ధం. పోపులోకి రెండు, పెరుగుపచ్చట్లోకి మూడు అంటూ పైకెళ్లినవాళ్లల్లా పచ్చికాయలు తెంపుకొస్తారు. పండనివ్వండర్రా అని నేను మొత్తుకుంటాను. సంక్రాంతి దాకా వాటిని కాపాడితేనే కొరివికారం, అదే పండుమిర్చి పచ్చడి.

పచ్చిమిర్చి ఏడాది పొడుగునా దొరుకుతుంది, ఎండుమిర్చి సరేసరి. చెట్టునే ఎర్రబడి, ఇంకా కండ వాడని పండుమిర్చి మాత్రం బజారుకి కొన్నాళ్లే వస్తుంది. రైతుకి కాయని కల్లంలో ఆరబోసి యార్డుకి తోలాలన్న తొందర. కుండీవాళ్లకి ఆ తొందర లేదు. పచ్చికాయలోని పసరు పోయి, కారం వెనక సన్నటి తీపి చేరేదాకా ఆగొచ్చు. నన్నడిగితే మిరప పెంచుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఆగడమే కష్టం. ఆకులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ సబ్బునీళ్లలో కలిపిన వేపనూనెతోనే నెట్టుకొచ్చాను. రామచిలుకలకి మందు లేదు. పక్షులకి కారం తెలియదు. కాయ తిని, గింజని ఎక్కడో విడుస్తాయి. మిరపకి కావలసిందీ అదే. కారమంతా గింజలో ఉందనుకుంటాం గానీ, అసలు నిల్వ గింజలు అంటిపెట్టుకున్న తెల్లటి ఈనెలో. పిల్లలకి ఘాటు తగ్గించాలంటే దాన్ని గీకేయాలి.

ఇంకో చిక్కు, కాయలన్నీ ఒక్కసారే పండవు. అందుకని కోసినవి కోసినట్టే తొడిమతో కడిగి (తొడిమ ముందు తీస్తే లోపలికి నీళ్లు దిగుతాయి), తడి లేకుండా ఆరబెట్టి, తొడిమ తీసి కచ్చాపచ్చాగా దంచి, కిలోకి వంద గ్రాముల లెక్కన కల్లుప్పు కలిపి జాడీకెత్తాను. వారానికి జాడీలో సన్నగా బుడగలు, పుల్లటి వాసన. పారబోద్దామనుకున్నా.

“పాడవలేదే, పులుస్తోంది. ముద్దని ఊట కిందికి అదిమిపెట్టు” అంది అమ్మ.

అమెరికాలో లూసియానా రాష్ట్రపు ఏవరీ ద్వీపంలో టబాస్కో సాసుకి చేసేదీ ఇదే. 1868 నుంచి అక్కడ ఉప్పుతో నూరిన పండుమిరపని నిల్వ చేస్తున్నారు. ఇప్పుడు ఓక్ పీపాల్లో మూడేళ్ల దాకా ఊరబెట్టి, వడకట్టి, వెనిగర్ కలుపుతారు. మనకి ఆ పులుపు చింతపండు ఇస్తుంది. మూడేళ్లాగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఫిబ్రవరి మొదట్లో కిలోంబావు ముద్ద తేలింది. కిలోకి పావుకిలో కొత్త చింతపండు, ఈనెలు తీసి, ముద్దలో నానబెట్టి రోట్లో వేశాను. తక్కువైన ఉప్పు, పసుపు, వేయించి దంచిన మెంతిపిండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి. మరీ మెత్తనైతే పంటికి ఏమీ తగలదు. చేతుల మంటకి ముందు నూనె, తర్వాత సబ్బు. కారం నీళ్లలో కరగదు.

నువ్వుల నూనెలో ఆవాలు, ఇంగువ తిరగమోత వేసి చల్లార్చి కలిపాం. అమ్మ వేడన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూనే రెండోది కలిపింది. జాడీకి వాసెన కడుతుంటే డాబా మీద చప్పుడు. ఎవరో పప్పులోకి పచ్చికాయలు తెంపుతున్నారు. ఈసారి నేనేమీ అనలేదు.