చేతులతో మాట్లాడే పిల్లల మధ్య పది దినములు

ప్రతి ఏటా అమెరికా, కెనడా దేశాల సంఘాల నుండి యౌవనస్థులు, పెద్దలు జట్లుగా బయలుదేరి పరదేశాల్లో పరిచర్య చేసి వస్తుంటారు. వారం, పది దినములు, మహా అయితే రెండు వారాలు. వీటిని స్వల్పకాలిక మిషన్ యాత్రలని పిలుస్తారు. "అంత డబ్బు పోసి విమానమెక్కి, పది దినాల్లో ఏమి చేసి వస్తారు?" అని మన సంఘాల్లో పెద్దలు అడిగితే అది తప్పు ప్రశ్న కాదు. ఆ ఖర్చులో ఏ విధవరాలి కానుకో కలిసి ఉండవచ్చు. అందుకే ఈ నెల మేము ఆ ప్రశ్నను ఒక్క చోట పెట్టి పరిశీలించదలిచాము. ఆ చోటు జమైకా దేశంలోని బధిర విద్యార్థుల పాఠశాల.

కొండ మీది బడి

జమైకా పేరు వినగానే మన పల్లెల్లో కుర్రవాళ్ళకు వెస్టిండీస్ క్రికెట్ గుర్తుకు వస్తుంది. కరీబియన్ సముద్రంలో ఉన్న ఆ ద్వీపం 1962లో బ్రిటిషు పాలన నుండి స్వాతంత్ర్యం పొందింది. దాని నడిమి భాగాన మాంచెస్టర్ అనే జిల్లా ఉంది. అల్యూమినియం తీసే బాక్సైటు ఖనిజం వలన అక్కడి నేల ఎర్రగా కనబడుతుంది. ఆ జిల్లాలోని నాక్‌పాట్రిక్ అనే చోట 1958లో విల్లిస్ ఎథ్రిడ్జ్ అనే మిషనరీ బధిర పిల్లల కొరకు పని ఆరంభించారు. అదే నేటి కరీబియన్ క్రిస్టియన్ సెంటర్ ఫర్ ది డెఫ్. తరువాత కింగ్‌స్టన్, మాంటిగో బే పట్టణాలలో కూడా ఆ సంస్థ బడులు వెలిశాయి. చదువు ముగించిన బధిరులు పని చేసుకొని బ్రతకడానికి మాండెవిల్ ప్రాంతంలో ఒక బధిరుల గ్రామాన్ని కూడా ఏర్పరచారు.

ఈ బడులకు ఏళ్ళ తరబడి మిషన్ జట్లు వస్తూ ఉన్నాయి. గోడలకు రంగులు వేస్తారు, కప్పులు బాగుచేస్తారు, బల్లలు చేస్తారు. సాయంకాలం పిల్లలతో ఆటలాడి బైబిలు కథలు చెబుతారు. కథ దగ్గరకు వచ్చేసరికి చిక్కంతా మొదలవుతుంది.

భాష లేని బాల్యం

బధిర బిడ్డలలో పదింట తొమ్మిదిమందికి పైగా వినగలిగిన తలిదండ్రులకే పుడతారు. తల్లికి సైగల భాష రాదు, బిడ్డకు తల్లి మాట వినబడదు. ఆకలి, నిద్ర, కోపం, ఇంతవరకే ఇంట్లో సైగలుంటాయి. నాన్న ఎందుకు ఊరు వెళ్ళాడు, అవ్వ ఎందుకు ఇక లేవలేదు, ఆదివారం అందరూ కళ్ళు మూసుకొని ఎవరితో మాట్లాడుతున్నారు, ఇవేవీ ఆ బిడ్డకు ఎవరూ చెప్పరు. మనస్సుకు భాష పట్టుబడే శ్రేష్ఠమైన కాలం మొదటి అయిదారేళ్ళు. ఆ ఏళ్ళు ఊరకే గడిచిపోతే తరువాత ఎంత కష్టపడినా ఆ లోటు పూర్తిగా పూడదు. అటువంటి బిడ్డ బధిరుల బడికి వచ్చి, తోటి పిల్లల చేతులు మాట్లాడుకోవడం చూసిన నాడే అతనికి లోకం తెరుచుకుంటుంది. ఆ బిడ్డ మూగవాడు కాడు. అతని మాట చేతుల్లో ఉంది.

సైగల భాష లోకమంతటా ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంగ్లాండువారు, అమెరికావారు నోటితో మాట్లాడేది ఒకే ఇంగ్లీషు. అయినా వారి బధిరుల సైగల భాషలు పూర్తిగా వేరు. జమైకా సైగల భాష మీద అమెరికా భాష ప్రభావం ఉన్నా, దాని పలుకుబడి దానిదే. సెయింట్ ఎలిజబెత్ జిల్లాలోనైతే ఇంతకంటే పాతదైన పల్లె సైగల భాష మరొకటి ఉంది. కాబట్టి అమెరికాలో సైగలు నేర్చుకొని వచ్చిన అతిథి కూడా ఇక్కడ మళ్ళీ పిల్లల దగ్గరే నేర్చుకోవాలి.

అతిథి నేర్చుకోవలసినవి

బధిరుల మధ్య మంచి పరిచర్య చేసే జట్లు కొన్ని సంగతులు ముందే నేర్చుకొని వెళతాయి. బిగ్గరగా అరిస్తే ప్రయోజనం లేదు. పిలవాలంటే భుజం తట్టాలి, లేదా చెయ్యి ఊపాలి. గదినిండా పిల్లలుంటే దీపం ఆర్పి వెలిగించాలి. వెలుగు మాట్లాడేవాని ముఖం మీద పడాలి గాని వీపు వెనుక నుండి రాకూడదు. దుబాసీ ప్రక్కనే ఉన్నా, చూడవలసింది దుబాసీని కాదు, ఆ విద్యార్థినే. ప్రార్థనలో కళ్ళు మూసుకోమని చెప్పకూడదు, కళ్ళు మూస్తే వారికి ప్రార్థనే అందదు. చప్పట్లు కొట్టడానికి బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తారు. అతిథికి పేరు పెట్టేది కూడా బధిరులే. అతని రూపాన్నో నడతనో చూసి ఒక సైగను నామకరణం చేస్తారు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో మన ప్రభువు చేసినది ఈ కోణంలో మరొకసారి చదవండి. చెవిటివానిని జనసమూహం నుండి ప్రక్కకు తీసుకువెళ్ళాడు. వాని చెవులను, నాలుకను ముట్టాడు. ఆకాశం వైపు చూచి నిట్టూర్చాడు. ఎప్ఫతా అనే మాట ఆ తరువాతనే పలికాడు. స్వస్థపరచక మునుపే, వానికి అర్థమయ్యే రీతిగా, కంటికి కనబడేటట్టు వానితో మాట్లాడాడు. పదిమందిలో వానిని వింతగా నిలబెట్టలేదు. పరదేశం వెళ్ళి బధిర పిల్లలతో ఫోటోలు తీయించుకొని వచ్చే ప్రతి జట్టూ ఈ మాట తలపోయాలి.

వెళ్ళినవారు, ఉండిపోయినవారు

పది దినాల తరువాత బస్సు కదులుతుంది. పిల్లలు చేతులు ఊపుతారు. మరుసటి నెల మరొక జట్టు వస్తుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. ప్రేమించినవారు వెళ్ళిపోతూనే ఉంటారని ఒక బిడ్డ నేర్చుకుంటే ఆ యాత్ర వలన మేలు జరిగిందా? అందుకే ఈ పనికి నిజమైన ఆధారం వచ్చిపోయేవారు కాదు, అక్కడే నిలిచి ఉండే ఉపాధ్యాయులు, వార్డెన్లు, ముఖ్యంగా బధిరులైన పెద్దలు. తనవలెనే వినబడని ఒక మాస్టారు బల్ల ముందు నిలబడి పాఠం చెప్పడం చూసిన కుర్రవానికి, తానూ ఏదో ఒకటి కాగలనని తెలుస్తుంది.

ఈ సంగతికి గొప్ప సాక్షి ఆండ్రూ ఫోస్టర్. 1925లో అమెరికాలోని అలబామాలో నల్లజాతి కుటుంబంలో పుట్టి, పదకొండేళ్ళ వయస్సులో మెదడు పొరల వాపు జ్వరంతో వినికిడి పోగొట్టుకున్నారు. బధిరుల కొరకైన గాలోడెట్ కళాశాలలో 1954లో పట్టా పొందిన మొట్టమొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1957లో ఘనా దేశంలో బధిరుల బడి తెరిచారు. 1987 డిసెంబరులో రువాండాలో విమాన ప్రమాదంలో ప్రభువు సన్నిధికి చేరేనాటికి ఆఫ్రికాలోని 13 దేశాల్లో ఆయన స్థాపించిన బడులు ముప్పైకి పైగా. ఆయన వెళ్ళింది జాలిపడే అతిథిగా కాదు, బధిరుల్లో ఒకడుగా.

అలాగైతే పది దినాల జట్టు ఎందుకు? ఉంది ప్రయోజనం. ఉండిపోయినవారి చేతులకు బలం ఇవ్వడానికి. వారు చెప్పిన పని, వారు చెప్పినట్టు చేయడానికి. ఏటా అదే బడికి తిరిగి రావడానికి. ఇంటికి వెళ్ళాక ఒక బధిర ఉపాధ్యాయుని జీతానికి నెలనెలా సహాయం పంపడానికి. యాత్ర విలువ అక్కడ గడిపిన పది దినాలలో కంటే తరువాతి పది ఏళ్ళలో తెలుస్తుంది.

మన మందిరంలో

ప్రియ చదువరులారా, మనలో ఎక్కువమంది జమైకా వెళ్ళము. కాని మన మందిరపు చివరి వరుసలో, తల్లి ప్రక్కన కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి, అందరూ కూర్చున్నప్పుడు కూర్చునే బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆ బిడ్డకు యేసు ఎవరో ఇంతవరకు ఎవరైనా చెప్పారా?

చేయవలసినవి కష్టమైనవి కావు. ఆ బిడ్డను ముందు వరుసలో, వెలుగున్న చోట కూర్చోబెట్టండి. కథను బొమ్మలతో, అభినయంతో చూపండి. తలిదండ్రులకు నచ్చజెప్పి ఆలస్యం కాకముందే బధిరుల బడికి పంపండి. సండేస్కూలు టీచర్లలో ఒక్కరైనా భారతీయ సైగల భాష నేర్చుకోండి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ భాషకు నిఘంటువు తయారు చేసింది, అది సెల్‌ఫోనులోనే చూడవచ్చు. అమెరికా సైగల భాషలో బైబిలు అంతా 2020లో పూర్తయింది. ఏ సైగల భాషలోనైనా సంపూర్ణ బైబిలు అదే మొదటిది. మన దేశపు బధిరులకు కూడా వాక్యమంతా తమ చేతుల భాషలో కనబడే దినం కొరకు ప్రార్థన చేద్దాము.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, ఆ బిడ్డ దగ్గరకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని, నీ పేరు ఎలా చూపిస్తావని అడగండి.