రాజకుమారి ర్యాప్... మా ఇంటి శ్రోతలు

పప్పుకి తిరగమోత పెడుతుంటే మేడమీద గదిలోంచి ఒకటే మోత. మేడమీద రెండు గదులూ డీఎస్సీ కోచింగుకి వచ్చిన అమ్మాయిలకు అద్దెకిచ్చాం. మా అవనిగడ్డ సంగతి మీకు తెలుసుగా! టీచరు ఉద్యోగం కావాలనుకున్న ఆడపిల్ల విజయనగరంలో ఉన్నా, అనంతపురంలో ఉన్నా మా ఊరి బస్సెక్కడం మామూలే. ఆ పిల్లలు సాధారణంగా నోరెత్తరు. పుస్తకం, టిఫిను, నిద్ర... అంతే. అలాంటిది ఆవేళ గదిలోంచి దడదడమని తాళం, దాని మీద ఎవరో ఆడపిల్ల గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో దంచేస్తోంది!

"ఏమిటే ఆ గోల?" అని కేకేశాను. ఇంటర్ రెండో ఏడు చదివే మా అమ్మాయి మెట్ల మీద నుంచే, "ర్యాపమ్మా! చెప్పేది మన తెలుగమ్మాయే" అంది.

తెలుగమ్మాయి అనేసరికి గరిటె పక్కన పెట్టాను. ర్యాప్ అంటే నాకు తెలిసింది ఒక్కటే, 1994లో 'ప్రేమికుడు' సినిమాలో ప్రభుదేవా ఆడిన పేట ర్యాప్. అదీ మగపిల్లల పాటే అనుకునేదాన్ని. తమిళంలో ఆ పాటకి గొంతు ఇచ్చినవాళ్ళలో తేని కుంజరమ్మాళ్ అనే జానపద గాయని ఉందని ఈ మధ్యనే తెలిసింది.

ఇంతకీ ఈ తెలుగమ్మాయి పేరు రాజకుమారి. అది పాటల కోసం పెట్టుకున్న పేరు. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగువాళ్ళింట పుట్టింది. ఇంటిపేరు వింటే చాలు, మా అత్తగారికి చుట్టరికం కలిసిపోతుంది. "యల్లాప్రగడవారమ్మాయా!" అంటూ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుందట. ఫ్యూజీస్ అనే బృందం 1996లో తెచ్చిన 'ది స్కోర్' విని ర్యాప్ పిచ్చిలో పడింది. అందులో లారిన్ హిల్ అనే అమ్మాయి గొంతు ఉంది మరి! తర్వాత పెద్దపెద్ద వాళ్ళకి పాటలు రాసింది. ఇగ్గీ అజేలియా, ఫాల్ అవుట్ బాయ్‌ల పాటల రచనలో ఈమె చెయ్యి ఉంది. 2016లో 'ది కమ్ అప్' అని నాలుగైదు పాటల చిన్న రికార్డు, 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్', 2019లో ఎంటీవీలో 'హసిల్' పోటీకి న్యాయనిర్ణేత... ఇలా సాగింది. 2023లో 'జవాన్' సినిమాలో షారుఖ్ ఖాన్ మీద ర్యాప్ చెప్పింది కూడా ఈవిడే. ఆ ఏడాదే 'ది బ్రిడ్జ్' పేరుతో మొదటి పూర్తి ఆల్బమ్ తెచ్చింది, 'గాడ్‌మదర్ రికార్డ్స్' అనే సొంత కంపెనీ పెట్టుకుని మరీ.

ఇంత చేసినా మన వీధిలో ఎవరినైనా అడగండి, పేరు తెలీదు. సినిమా పాటైతే తెలుస్తుంది. ఒక అమ్మాయి తన పేరుతో ఆల్బమ్ తెస్తే ఎవరు వింటారు చెప్పండి? సరే, నేనే వినిపిద్దామనుకున్నాను.

మా వరండా సభ

ఆదివారం మధ్యాహ్నం కోచింగుకి సెలవు. మేడమీద అమ్మాయిలిద్దరూ కిందికి వచ్చారు. వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే పిన్ని, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసే మా వదిన, మా అత్తగారు, మా అమ్మాయి, నేను. స్పీకరు పెట్టి ఆల్బమ్ మొదటి నుంచి విన్నాం. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి కూరగాయల బండి వచ్చింది.

విజయనగరం అమ్మాయికి బాగా నచ్చింది. "సగం మాటలు నాకు అర్థం కావాంటీ. కానీ రాత్రి పదకొండింటికి చదివి చదివి తల పగిలిపోతుంటే ఇది పెట్టుకుంటాను. ఎవరో నా తరఫున పోట్లాడుతున్నట్టు ఉంటుంది" అంది. ఆ పిల్ల ఇదివరకు ఒకసారి డీఎస్సీ రాసి కొద్దిలో పోగొట్టుకుంది. 2025లో మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు ఇక తనకి ఖాయమనుకుంది. మళ్ళీ పుస్తకాలు పట్టుకుని ఇక్కడికే వచ్చింది. అందుకని ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఒంగోలు వైపు అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "సిటీ స్లమ్స్ విన్నాక ఇది విను, చప్పగా ఉంటుంది. అప్పటి కసి ఏదీ? ఇందులో చెప్పడం తక్కువ, పాడటం ఎక్కువ. అసలే మనదేశంలో ర్యాప్ అంటే ముంబై, పంజాబు అనేస్తారు. మనమ్మాయి ఒకత్తి దొరికిందంటే ఆవిడా మెత్తబడిపోతే ఎలా?" అని ఆ పిల్ల గోల. దానికి విజయనగరం అమ్మాయి, "ఎప్పుడూ అరుస్తూనే ఉండాలా? మనసు బాగోకపోతే చెప్పుకోకూడదా?" అంది. కాసేపు ఇద్దరికీ వాదన. నాకు రెండో అమ్మాయి మాటే సబబనిపించింది. మెత్తగా మాట్లాడితే పస లేదనడం మన ఇళ్ళలోనూ ఉన్నదే కదా!

వాదన ముదురుతుంటే జనరల్ నాలెడ్జి బయటికి వచ్చింది. డీఎస్సీ పిల్లలు కదా! అమెరికాలో హిప్‌హాప్ మొదలైందని చెప్పుకునే రోజు 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బు కావాలని టిక్కెట్టు పెట్టి పార్టీ చేసింది. రికార్డులు తిప్పినవాడు వాళ్ళన్నయ్య కూల్ హెర్క్. పేరంతా అన్నయ్యకే వచ్చింది. 1979లో ర్యాప్‌ని ఊరూరా వినిపించిన షుగర్‌హిల్ గ్యాంగ్ పాట వెనక ఉన్నదీ సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడే. ఇదంతా విని టిఫిన్ పిన్ని, "ఎక్కడైనా అంతేనమ్మాయ్, రుబ్బేది మనం, బోర్డు మీద పేరు వాళ్ళది" అని తేల్చేసింది. ఆవిడ సెంటరుకి ఉన్నది వాళ్ళాయన పేరు!

పిన్నికి పాటకన్నా వీడియో నచ్చింది. బొట్టు, గాజులు, గుళ్ళో అమ్మవారికి పెట్టినంత నగలు. "వేషం కొంచెం ఎక్కువే. కానీ చూడు, కళ్ళు దించదే!" అంటూ పాత వీడియోలు కూడా రెండుసార్లు పెట్టించుకుంది.

మా వదినది టీచరమ్మ బుద్ధి. ఉచ్చారణకి మార్కులేసి, తర్వాత అసలు ప్రశ్న వేసింది. "ఆల్బమ్ పేరు వంతెన అని పెట్టుకుంది కదా. మన పులిగడ్డ-పెనుమూడి వంతెన చూడు, ఇటు దివిసీమ గట్టు, అటు రేపల్లె గట్టు. రెండు గట్లూ ఉంటేనే వంతెన. ఈవిడకి ఒక గట్టు అమెరికా, ఇంకోటి ముంబై. మన గట్టేదీ? నిండుగా ఒక్క తెలుగు పాట పెట్టి ఉంటే ఏం పోయేది?" అంది. నాకు సమాధానం దొరకలేదు. ఈ ఆల్బమ్ మన ఊళ్ళకి రాకపోవడానికి వినేవాళ్ళ నిర్లక్ష్యమే కారణమనుకున్నాను. వదిన చెప్పాక, అటు నుంచీ కొంత ఉంది అనిపించింది.

అత్తగారి మాట

అంతసేపూ మా అత్తగారు నోరు మెదపలేదు. వేగంగా చెప్పే ఒక చోట మాత్రం ఆవిడ అరచెయ్యి కుర్చీ చేతి మీద కదలడం చూశాను. పాట అయ్యాక, "ఇది జతే. నట్టువాంగం చెప్పినట్టు చెబుతోంది. మాట తెలీకపోతేనేం, లెక్క తెలుస్తోంది" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు మొవ్వ. చల్లపల్లి మీదుగా వెళితే కూచిపూడి, మొవ్వ పక్కపక్కనే. మువ్వగోపాలుడి మీద పదాలు రాసిన క్షేత్రయ్య ఊరది. "మా చిన్నప్పుడు కూచిపూడిలో సత్యభామంటే వేదాంతం సత్యనారాయణశర్మగారే. ఆయన జడ వేసుకుని తెరచాటు నుంచి వస్తే ఆడవాళ్ళం నోళ్ళు తెరుచుకు చూసేవాళ్ళం. ఎలా నడవాలో ఆయన్ని చూసి నేర్చుకోమనేవారు మమ్మల్ని!" అని నవ్వారు. ఆయనకి 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. భాగవతుల మేళాల్లో ఆడవేషాలూ మగవాళ్ళవే. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో నేర్చుకోవడం మొదలైంది.

"ఆడదాని విరహం క్షేత్రయ్యగారు రాశారు. భామ అలక సిద్ధేంద్రయోగి రాశారు. ఆడింది శర్మగారు. బాగుండేది, కాదనను. అంత బాగా మనం కూడా చెప్పుకోలేమేమో అనిపించేది. ఈ పిల్ల తన సంగతి తనే రాసుకుని తనే చెబుతోందిగా. బాగుందో లేదో తర్వాత చూద్దాం, ముందు చెప్పనివ్వండి" అన్నారావిడ.

ఆ మాటకి నేను తల దించుకున్నాను. ఎందుకో చెబుతాను.

నేనూ కూచిపూడి నేర్చుకున్నదాన్నే. తొమ్మిదో తరగతిలో, "పెద్దపిల్లవయ్యావు, ఇక చాలు" అన్నారు మా నాన్న. గజ్జెలు అటక మీద పెట్టేశాను. ఎవరి మీదా కోపం లేదు, అప్పట్లో అందరిళ్ళలో అంతే. కానీ పోయిన నెల మా అమ్మాయి ఫిజిక్స్ రికార్డుకి అట్ట వేస్తుంటే అందులోంచి చిన్న నోట్సు జారిపడింది. తెలుగులో, ప్రాస కుదిర్చి రాసిన వరసలు. కాలేజీ బస్సులో వెనక నుంచి మీద పడే చెయ్యి గురించి. ఆ చెయ్యి ఎవరిదో రాయలేదు. రోజూ ఏ సీటు పక్కన నిలబడితే తప్పించుకోవచ్చో రాసింది.

చదివి నేనేం చేశానో తెలుసా? బస్సు సంగతి అడగలేదు. "పరీక్షలు ముంచుకొస్తుంటే ఈ పిచ్చిరాతలేమిటి?" అని తిట్టాను. అది నోట్సు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే మేడమీదికి పోవడం ఎక్కువైంది.

ఆ ఆదివారం అందరూ వెళ్ళాక, "ఆ నోట్సు తీసుకురా" అన్నాను. అనుమానంగా చూసింది. ముందు బస్సు సంగతి అడిగాను. చెప్పింది. సోమవారం నేనూ దానితో కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడాలని అనుకున్నాం. తర్వాత, కాలేజీ వార్షికోత్సవంలో ఇది చెప్పాలనుందని నెమ్మదిగా బయటపెట్టింది. నలుగురూ ఏమనుకుంటారో, మా వారేమంటారో అని నాకు గుండెల్లో దడే. ఆయనకి రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను.

"ముందు మాకు వినిపించవే" అన్నారు అత్తగారు. అది వరండాలో నిలబడి మొదలెట్టింది. గొంతు వణికింది. ఆవిడ తొడ మీద తాళం వేస్తూ కళ్ళు మూసుకుని విన్నారు. సగంలో చెయ్యి ఆపి, "నాలుగో వరసలో తాళం తప్పావే. మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నారు.