జీతం ఎంత? ఎక్కడి నుంచి?

మొన్న జుమా నమాజు తర్వాత ఒక యువకుడు సలామ్ చెప్పి నా పక్కన కూర్చున్నాడు. ఎం.బి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్నాడు. "మౌల్వీ సాబ్! వడ్డీకి అప్పులిచ్చే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అబ్బా బట్టల దుకాణంలో కూర్చుంటే ఆ జీతంలో సగం కూడా మిగలదు. ఇంట్లో చెల్లెలి నికాహ్ ఉంది. ఏం చేయమంటారు?" అన్నాడు.

నేను అతనికి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గాథ చెప్పాను. మక్కాలో సర్వం వదిలి క్రీ.శ. 622లో మదీనా చేరిన ఆయనకు, అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దుఆ చేసి, బజారుకు దారి అడిగారు. ఎండు పెరుగు, నెయ్యి అమ్మి నిలదొక్కుకున్నారు. తర్వాత గొప్ప సంపన్నులయ్యారు.

ఇస్లాం సంపాదనను కాదనలేదు, మార్గాన్ని చూసుకోమంది. బఖరా సూరా 275వ ఆయత్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించింది. కూఫాలో బట్టల వ్యాపారి అయిన ఇమామ్ అబూ హనీఫా (రహ్) కూడా, లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పకుండా భాగస్వామి అమ్మితే, వచ్చిన సొమ్మంతా దానం చేశారని చెబుతారు.

"మరి నికాహ్ ఖర్చు?" అన్నాడతను. "నికాహ్‌కు షామియానాలు షరతు కాదు బేటా! ఇజాబ్, ఖబూల్, సాక్షులు, మహర్ చాలు" అన్నాను.

దుకాణం లెక్కలు చూస్తానని లేచాడు. గొంతులో బెంగ మాత్రం పోలేదు. ఆ బెంగ తీర్చవలసింది మనమే. తల్లిదండ్రులారా! బిడ్డ జీతం ఎంతని అడిగే ముందు, అది ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ రిజ్ఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.